మీకు తెలుసా? పుట్టగానే బిడ్డ తొడకు విటమిన్ కె సూది ఎందుకు?

నెత్తురు గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో అది చాలా తక్కువ. మాయ గుండా అందేది కొద్దిగానే, తల్లిపాలలోనూ స్వల్పమే. తల్లి తోటకూర, మునగాకు తిన్నంత మాత్రాన ఆ లోటు తీరదు. అందుకే ఈ సూది.

• ఈ విటమిన్‌ను కనుగొన్న హెన్రిక్ డామ్, దాని రసాయన స్వభావం తేల్చిన ఎడ్వర్డ్ డోయిసీ 1943 నోబెల్ పంచుకున్నారు.

• 2014 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మోతాదు 1 మి.గ్రా.; కిలోకన్నా తక్కువ బరువున్న బిడ్డకు 0.5 మి.గ్రా.

• సూది పడని పసికందుకు ఆరు నెలల దాకా మెదడులో రక్తస్రావం ముప్పు ఉంటుంది.

రెడ్డిగూడెంలో కాన్పయినా, నందిగామలో అయినా, "బిడ్డకు విటమిన్ కె సూది వేశారా అమ్మా?" అని నర్సమ్మను తప్పక అడగండి. బొడ్డు నుంచో ముక్కు నుంచో నెత్తురు కారితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.