అమ్మ పాదాలకు మేజోళ్ళు

దుకాణంలో కొన్న మేజోడును ఒకసారి తిరగేసి చూడండి. వేళ్ళ దగ్గర అడ్డంగా ఒక కుట్టు గీత ఉంటుంది. మనకది లెక్కలోకి రాదు. ఇరవై ఏళ్ళుగా షుగరుతో ఉండి, పాదాల్లో స్పర్శ తగ్గిపోయిన మా అమ్మకు ఆ గీతే ఒరుసుకుని పుండు కావచ్చు; అయినా ఆవిడకు తెలియదు. పైనున్న ఎలాస్టిక్ పిక్క మీద వాత తేలుస్తుంది. పోనీ వద్దనుకుందామంటే, బెంగుళూరులో జనవరి రాత్రులు 15 డిగ్రీలకు దిగుతాయి, కాళ్ళు చల్లబడి అమ్మకు నిద్ర పట్టదు. వేడినీళ్ళ సంచీ కూడదన్నారు డాక్టరుగారు. కాలు కాలినా తెలియదు కదా! అందుకని యాభై నాలుగో ఏట, బ్యాంకు నుంచి వచ్చాక రోజూ ఓ గంట, సూదులు పట్టాను.

నేర్పింది మా వీధిలో ఉండే మడికేరి ఆవిడ. ఆవిడ కన్నడంలో చెబితే నేను తెలుగులో రాసుకున్నాను. మూడు తరాలుగా మా ఇంటి పద్ధతే అది.

కొత్తవాళ్ళు అయిదు సూదులు చూసి జడుస్తారు. నాలుగింటి మీద కుట్లు ఉంటాయి, అయిదోది అల్లడానికి. ఎప్పుడు చూసినా పనిచేసేవి రెండే. అసలు పని లెక్కలో ఉంది. ముందు చిన్న ముక్క అల్లి అంగుళానికెన్ని కుట్లో చూడాలి. సన్న ఊలు, 2.5 మి.మీ. సూదులతో నాకు 8 వచ్చాయి. అమ్మ పాదం చుట్టుకొలత 8 అంగుళాలు, అంటే 64 కుట్లు. అల్లిక సాగుతుంది గనుక మామూలుగా పదోవంతు తగ్గించి, నాలుగుతో భాగించబడేలా 56 వేస్తారు. అమ్మకు బిగుతు కూడదు కాబట్టి 60 వేశాను.

మడమ దగ్గరే విద్యంతా. సగం కుట్లను, అంటే 30, ముందుకూ వెనక్కూ అల్లి పట్టీలా చేయాలి. తరువాత వరుస చివరిదాకా పోకుండా మధ్యలోనే మళ్ళుతూ, మళ్ళిన ప్రతిసారీ రెండు కుట్లను ఒకటి చేస్తూ పోతే అల్లిక దానంతటదే దొప్పలా వంగుతుంది. చదివితే అర్థం కాదు, చేతిలో వంగినప్పుడే తెలుస్తుంది. వేళ్ళ దగ్గర మిగిలిన కుట్లను మొద్దు సూదితో ఎదురెదురుగా కలిపేస్తే గీతే ఉండదు. ఈ కలుపుడుకు కిచెనర్ పేరు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సర్వసేనాధిపతిగా ఉన్న ఆ దొరే.

ఇక ఊలు. మన దుకాణాల్లో ఊలు అని అడిగితే చాలాసార్లు ఇచ్చేది అక్రిలిక్. చవక, ఉతకడం తేలిక. పిల్లల స్వెట్టరుకైతే నాకు అభ్యంతరం లేదు. కాని చెమట పీల్చదు, తడిగా ఉన్న చర్మం తొందరగా చిట్లుతుంది. నూలు పీల్చుతుంది గానీ సాగితే మళ్ళీ దగ్గరకు రాదు; జారి పాదం కింద ముడత పడుతుంది. ముడతా గీతలాంటిదే. నేను ఎంచుకున్నది 75 పాళ్ళు మెరినో ఊలు, 25 పాళ్ళు నైలాన్. నైలాన్ లేకపోతే మడమ త్వరగా అరిగిపోతుంది. 100 గ్రాముల ఉండలో సుమారు 400 మీటర్లు వస్తుంది, ఒక జతకు సరిపోతుంది. లేబుల్ లేని ఉండైతే చిన్న పోగు కాల్చి చూడండి. అసలు ఊలు వెంట్రుక కాలిన వాసనేసి, నలిపితే పొడవుతుంది; అక్రిలిక్ కరిగి గట్టి పూసవుతుంది. నోట్లను వెలుతురుకు పట్టి చూసే ఉద్యోగం కదా, ఈ పరీక్ష నాకు బాగా నచ్చింది.

రంగు లేతదే తీసుకున్నాను. పుండేదైనా చెమ్మగిల్లితే మరక వెంటనే కనబడాలి.

"మగపిల్లాడివి, నీకెందుకురా ఈ అల్లికలు?" అంది అమ్మ మొదటిరోజు. వారం తిరిగేసరికి, "ఎంతవరకొచ్చిందిరా?" అని అడగడం మొదలుపెట్టింది.

జతకు రెండు నెలలు పట్టింది. మొజాయిక్ నేల మీద జారతాయి గనుక పడుకున్నప్పుడే వేస్తాం. పొద్దున్నే తీసి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడటం నా పని. చల్లటి నీళ్ళలో ఉతికి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, నీడన పరిచి ఆరబెట్టడం మా ఆవిడది. ఇప్పుడు రెండో జత సూదుల మీద ఉంది, మీగడ రంగు.