ఒంటికంటి ఆటగాడు విల్లీ ఓరీ

హాకీ అనగానే మనవారికి ధ్యాన్‌చంద్ పేరు జ్ఞాపకం వస్తుంది. పచ్చిక నేల, వంపు కర్ర, తెల్లని బంతి కళ్ళముందు కదులుతాయి. కాని చలిదేశాలలో, అందులోనూ కెనడాలో, హాకీ అంటే వేరే ఆట. అక్కడ నేలకు బదులు మంచుగడ్డ. కాళ్ళకు ఉక్కు బద్ద బిగించిన స్కేట్లు. బంతికి బదులు పక్ అనే నల్లని రబ్బరు బిళ్ళ. ఆ బిళ్ళ మూడంగుళాల అడ్డకొలత, అంగుళం మందం, సుమారు 170 గ్రాముల బరువు ఉంటుంది. మంచుమీద ఎగిరెగిరి పడకుండా సాఫీగా జారాలని, ఆటకు ముందు దానినీ చల్లబరచి రాయిలా గట్టిపరుస్తారు. గోలు కాసేవాడితో కలిపి జట్టుకు ఆరుగురు మైదానంలో ఉంటారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఒకరినొకరు భుజంతో గుద్దుకోవడం, ప్రహరీ పలకలకేసి అదమడం ఆ ఆటలో తప్పుకాదు.

ఇటువంటి ఆటను ఒక మనిషి కుడికన్ను దాదాపు పూర్తిగా పోయినా, ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా, ఇరవై ఏళ్ళకు పైగా ఆడాడంటే నమ్మడం కష్టమే. కాని ఇది కట్టుకథ కాదు. ఆ మనిషి పేరు విల్లీ ఓరీ. అమెరికా, కెనడా దేశాల పెద్ద జట్లు ఆడే నేషనల్ హాకీ లీగులో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి ఆటగాడు కూడ అతడే.

ఫ్రెడరిక్టన్ పిల్లవాడు

కెనడాకు తూర్పున న్యూ బ్రన్స్విక్ అనే రాష్ట్రం ఉంది. దాని ముఖ్యపట్టణం ఫ్రెడరిక్టన్. విల్లీ అక్కడ 1935 అక్టోబరు 15న పుట్టాడు. 13 మంది సంతానంలో అతడు కడగొట్టువాడు. అతని పూర్వులు అమెరికాలోని బానిసత్వంనుంచి తప్పించుకొని ఉత్తరానికి వచ్చి స్థిరపడినవారు. ఆ ఊరిలో నల్లవారి కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడ లేవు. చుట్టూ అందరూ ఒక తీరుగా ఉండి, తమ యిల్లు ఒక్కటే వేరుగా కనిపించడం ఎట్లా ఉంటుందో, పుట్టిన గడ్డకు దూరంగా తరతరాలు కాపురాలు చేసిన మన కుటుంబాలు కొంత ఊహించుకోగలవు. అయితే మన తేడా మాటలో ఉంటుంది. ఇంటి బయట దాచుకోవచ్చు. వారి తేడా ఒంటి రంగులో ఉంది. దానిని దాచడం ఎవరి తరం?

మూడో ఏటనే విల్లీ స్కేట్లు కట్టాడు. చలికాలంలో తండ్రి పెరటిలో నీళ్ళు పోస్తే అవి రాత్రికి గడ్డకట్టి ఆటస్థలం అయ్యేవి. అన్నలలో ఒకడు తమ్ముణ్ణి కావాలనే గట్టిగా గుద్ది, పడగొట్టి, లేవడం నేర్పాడు. రేపు బయట పడబోయే దెబ్బలకు ఇంట్లోనే తర్ఫీదు ఇచ్చాడన్నమాట.

1949లో విల్లీ బేస్‌బాల్ జట్టు ఊరి పోటీలలో గెలిచింది. బహుమతిగా పిల్లలను న్యూయార్కుకు తీసుకువెళ్ళారు. బేస్‌బాల్ పెద్ద లీగులో రంగు గోడను 1947లో పగులగొట్టిన జాకీ రాబిన్సన్‌ను విల్లీ అక్కడ చూశాడు. తాను హాకీ కూడ ఆడతానని చెప్పాడు. నల్లపిల్లలు హాకీ ఆడతారా అని రాబిన్సన్ ఆశ్చర్యపోయాడట.

పోయిన కన్ను, పోని పట్టుదల

ఆ రోజులలో ఆటగాళ్ళు తలకు టోపీగాని ముఖానికి తొడుగుగాని వేసుకొనేవారు కాదు. 1955–56 ఆటల కాలంలో, కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో కుర్రకారు జట్టుకు ఆడుతూ, విల్లీ గోలు ముందు నిలబడి ఉన్నాడు. ఎవరో కొట్టిన పక్ దారి తప్పి ఎగిరివచ్చి ముఖానికి తగిలింది. ముక్కు విరిగింది, చెంప ఎముక చిట్లింది. కుడికంటి చూపు నూటికి 95 పాళ్ళు పోయింది. ఇక జన్మలో హాకీ ఆడలేవని డాక్టరు చెప్పేశాడు.

రెండు నెలలు తిరగకముందే విల్లీ మళ్ళీ మంచుమీద ఉన్నాడు.

అతి దగ్గరివారికి తప్ప కంటి సంగతి చెప్పలేదు. ఒక కన్ను లేనివాణ్ణి ఆడనివ్వకూడదని లీగులో నిబంధన ఉంది. చెబితే ఆట ముగిసినట్లే. చెప్పకపోతే, ఉన్న ఆ ఒక్క కంటికీ దెబ్బ తగిలే ప్రమాదం ప్రతిరోజూ వెంటే ఉంటుంది. అతడు చేసింది తెలివైన పనేనా అని అడిగితే, మన ఇంట్లో ఏ తల్లీ ఔననదు. కాని ఇరవై ఏళ్ళ కుర్రవాడు, చిన్ననాటినుంచి కన్న ఒకే ఒక కలను చేతులారా వదులుకోలేకపోయాడు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. విల్లీ లెఫ్ట్ వింగ్, అంటే ఎడమ అంచున ఆడేవాడు. ఎడమ అంచున ముందుకు పరుగెత్తేవానికి ఆటంతా కుడివైపునే జరుగుతుంది. తనవాళ్ళు అందించే పక్కూ అటునుంచే వస్తుంది, ఎదుటివాడి దెబ్బా అటునుంచే వస్తుంది. అతనికి లేనిది ఆ కన్నే. ప్రతిసారీ మెడ పూర్తిగా కుడికి తిప్పి, ఎడమకంటితో చూసుకోవలసి వచ్చేది. మన పిల్లలు కావాలంటే కుడికన్ను గుడ్డతో కట్టుకొని, కుడిప్రక్కనుంచి మెల్లగా విసిరిన రబ్బరు బంతిని పట్టుకొని చూడవచ్చు. అప్పుడు సంగతి బోధపడుతుంది.

1956లో బేస్‌బాల్ పరీక్షకు రమ్మని అతనికి పిలుపు వచ్చింది. అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రానికి వెళ్ళాడు. అక్కడ తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు గదులు. కొద్దిరోజులకే తిరుగుముఖం పట్టి బస్సు ఎక్కాడు. చట్టప్రకారం వెనక సీటులో కూర్చున్నాడు. బస్సు ఉత్తరానికి పోయినకొద్దీ ఒక్కొక్క వరుసే ముందుకు జరిగాడు. కెనడా చేరేసరికి ముందు వరుసలో ఉన్నాడు. ఇక తనది హాకీయేనని ఆ ప్రయాణంలో నిశ్చయించుకొన్నాడు.

పెద్ద లీగులో 45 ఆటలు

అప్పటికి నేషనల్ హాకీ లీగులో ఉన్నవి ఆరే జట్లు: మాంట్రియల్, టొరొంటో, బోస్టన్, న్యూయార్కు, చికాగో, డెట్రాయిట్. వాటిలో చోటు దొరకడం ఎవరికైనా గగనమే. విల్లీకి ముందు హెర్బ్ కార్నెగీ అనే నల్లజాతి ఆటగాడు ఎంతో పేరు తెచ్చుకొని కూడ ఆ గడప దాటలేకపోయాడు.

క్విబెక్ ఏసెస్ అనే జట్టుకు ఆడుతున్న విల్లీకి బోస్టన్ బ్రూయిన్స్ నుంచి కబురు వచ్చింది. 1958 జనవరి 18న మాంట్రియల్ నగరంలో బోస్టన్ తరఫున మంచుమీద దిగాడు. బోస్టన్ 3–0తో గెలిచింది. తాను ఒక చరిత్ర సృష్టించానని మరునాడు పత్రికలో చదివేదాకా అతనికే స్ఫురించలేదట. ఆ ఏడు అతనికి దక్కినవి రెండే ఆటలు.

తిరిగి 1960–61లో పిలిచి 43 ఆటలు ఆడించారు. 1961 జనవరి 1న బోస్టన్‌లో మాంట్రియల్ జట్టుమీద తన మొదటి గోలు కొట్టాడు. 3–2తో బోస్టన్‌ను గెలిపించిన గోలు అదే. స్వంత ఊరి ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పరాయి ఊళ్ళలో మాత్రం వేరు. జనం నోటికి వచ్చిన మాటలు అనేవారు, మంచుమీదికి వస్తువులు విసిరేవారు. చికాగోలో ఎదుటి ఆటగాడొకడు తిట్టి, కర్ర మొదలుతో ముఖాన పొడిచాడు. ముందు పళ్ళు రెండు ఊడాయి, ముక్కు విరిగింది. విల్లీ కూడ కర్ర ఎత్తి వాడి తలమీద కొట్టాడు. రెండు జట్లూ కలియబడ్డాయి. తిట్లకు మాత్రం చేయి చేసుకోలేదని, ఒంటిమీదికి వచ్చినప్పుడే కొట్టాననీ అతడు తరువాత చెప్పుకొన్నాడు.

ఆ ఏడు ముగిశాక, వచ్చే ఏడు కూడ నీకు చోటుందని చెప్పి పంపారు. వేసవి గడవకముందే మాంట్రియల్ జట్టుకు అప్పగించేశారు. అక్కడినుంచి లాస్ ఏంజిలిస్ నగరానికి, చిన్న లీగుకు పోవలసి వచ్చింది. పెద్ద లీగులో మొత్తం లెక్క 45 ఆటలు, 4 గోళ్ళు, ఇతరులకు అందించినవి 10. మళ్ళీ పిలుపు రాలేదు. అతని తరువాత ఇంకొక నల్లజాతి ఆటగాడు, మైక్ మార్సన్, ఆ లీగులోకి రావడానికి 1974 దాకా పట్టింది.

చిన్న లీగులో పెద్ద ఆట

ఇక్కడితో కథ ముగిస్తే విల్లీకి అన్యాయం చేసినట్లు. లాస్ ఏంజిలిస్‌లో అతణ్ణి ఎడమ అంచునుంచి కుడి అంచుకు మార్చారు. ఇది చిన్న మార్పుగా కనిపిస్తుంది కాని అతని బ్రతుకే మారిపోయింది. కుడి అంచున ఆడేవానికి ఆట ఎడమవైపునుంచి వస్తుంది. బాగున్న కన్ను ఆటవైపు, పోయిన కన్ను గోడవైపు అయ్యాయి. 1964–65లో 38 గోళ్ళు కొట్టాడు. తరువాత శాన్ డియాగో జట్టులో చేరి, 1968–69లో తిరిగి 38 కొట్టాడు. వెస్టర్న్ హాకీ లీగులో రెండుసార్లు గోళ్ళ పోటీలో అగ్రస్థానం పొందాడు.

1962లో లాస్ ఏంజిలిస్‌లో ఒక విందులో మళ్ళీ జాకీ రాబిన్సన్ తటస్థపడ్డాడు. 13 ఏళ్ళ క్రితం బ్రూక్లిన్‌లో కలిసిన పిల్లవాడివి నువ్వే కదా అని గుర్తుపట్టాడట!

1979లో 43 ఏళ్ళు దాటాక విల్లీ ఓరీ స్కేట్లు విప్పేశాడు. తరువాత చాలా ఏళ్ళు మామూలు ఉద్యోగాలతో సంసారం ఈదుకొన్నాడు. శాన్ డియాగో దగ్గర ఒక పెద్ద హోటలులో కాపలా పని కూడ చేశాడు. దారిన పోయేవారికి ఆయన ఎవరో తెలియదు. ఆయనా చెప్పుకొని తిరగలేదు.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

1998లో, ఆయనకు అరవై దాటిన తరువాత, లీగువారు వెతుక్కొంటూ వచ్చారు. స్కేట్లు కొనే స్తోమతు లేని ఇండ్ల పిల్లలకు, ఈ ఆట మనది కాదు అనుకొనే ఇండ్ల పిల్లలకు, హాకీ నేర్పించే పని అప్పగించారు. మంచు మైదానం అద్దె, స్కేట్లు, కర్రలు, తొడుగులు అన్నీ కలిసి ఇది బీదవాళ్ళకు అందని ఆట. ఆయన ఊరూరా తిరిగి బడులలో, మైదానాలలో పిల్లలతో మాట్లాడాడు. ఆ పథకంలో లక్షమందికి పైగా బాలబాలికలు పాలుపంచుకొన్నారు.

2008లో ఫ్రెడరిక్టన్ పట్టణం తన కొత్త మంచు మైదానానికి ఆయన పేరు పెట్టుకొంది. 2018లో హాకీ ప్రముఖుల మందిరంలో ఆయనకు చోటిచ్చారు. అక్కడ ఒక విశేషం గమనించాలి. ఆటగాళ్ళ వరుసలో కాదు, ఆటను నిర్మించినవారి వరుసలో ఆ చోటు దక్కింది. 2022 జనవరి 18న, మొదటి ఆటకు సరిగ్గా 64 ఏళ్ళకు, బోస్టన్ జట్టు ఆయన తొడిగిన 22వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వకుండా మైదానం కప్పుకు ఎత్తి కట్టింది. అవి కరోనా రోజులు గనుక ఆయన శాన్ డియాగోలోని తన ఇంటినుంచే ఆ వేడుక చూశాడు. అదే నెల 31న ఆయనకు అమెరికా కాంగ్రెసు బంగారు పతకం ఇచ్చే చట్టంమీద ఆ దేశాధ్యక్షుడు సంతకం చేశాడు.

మనలో చాలామంది, పిల్లల మార్కులు చూసినట్లే ఒక మనిషి జీవితాన్ని కూడ అంకెలతో తూచడానికి అలవాటుపడ్డాం. 45 ఆటలు, 4 గోళ్ళు. ఆ లెక్క ప్రకారం విల్లీ ఓరీ పేరు పుస్తకంలో ఎక్కడో చివర ఉండాలి. కాని అతనికంటె వందరెట్లు గోళ్ళు కొట్టినవారు ఎందరో మైదానంలోకి వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. ఇతనికి అది మూసి ఉంది. అందులోనూ ఆ తలుపును అతడు ఒక్క కంటితో వెతుక్కోవలసి వచ్చింది.