మోచేతి ఎముక విరిగితే ఏ దారిన వెళ్ళాలి?

ఏటికొప్పాక లక్కబొమ్మలను మీరు చూసే ఉంటారు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఉలితో తొలుస్తూ పనివారు బొమ్మకు మెడ తీస్తారు. బొమ్మ కిందపడితే ముందు విరిగేది ఆ సన్నని మెడే. మన చేతిలోనూ అలాంటి చోటు ఒకటుంది. భుజాస్థి కింది చివర ముందొకటి, వెనకొకటి గుంటలుంటాయి. చేయి ముడిచినప్పుడు, చాచినప్పుడు అరత్ని కొనలు ఆ గుంటల్లో ఇముడుతాయి. రెండు గుంటల నడుమ ఎముక పలుచని రేకులా ఉంటుంది. చెట్టు మీంచి జారిన పిల్లవాడు చేయి చాచి నేలకు ఆనించాడంటే, దెబ్బంతా అక్కడ పడి ఎముక విరుగుతుంది. పిల్లల్లో మోచేతి దగ్గర ఎక్కువగా విరిగేది ఇక్కడే. 5 నుంచి 7 ఏళ్ళ వయసులో మరీ ఎక్కువ.

ఎముకను అతకడం కంటే దాని చుట్టూ ఉన్నవాటిని కాపాడడమే కష్టం. మోచేతి ముందు భాగంలో ముంజేతికి రక్తం తీసుకుపోయే ధమని, దాని పక్కనే ఒక నాడి ఉన్నాయి. వెనక, లోపలి వైపున మరో నాడి చర్మం కిందుగానే పోతుంది. బల్ల అంచు మోచేతికి తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది చూడండి, అది ఈ నాడి పనే!

అందుకే పిల్లల విషయంలో వైద్యులు వీలైనంతవరకు కోతకు పోరు. మత్తు ఇచ్చి, చేతిని లాగి, ఎముకను దాని చోట కూర్చి, ఎక్స్-రే తెర మీద చూస్తూ చర్మం గుండా సన్నని ఉక్కు తీగలు దించుతారు. ఈ తీగలను 1909లో ప్రవేశపెట్టిన జర్మన్ వైద్యుడు మార్టిన్ కిర్ష్నర్ పేరుతోనే నేటికీ పిలుస్తారు. బయటి వైపు నుంచి దించితే వెనక నాడికి ముప్పు తక్కువ. ఎముక అతుక్కున్నాక, సాధారణంగా మూడు నాలుగు వారాలకు, తీగలు తీసేస్తారు. ధమని ఎముక ముక్కల మధ్య ఇరుక్కుంటే మాత్రం ముందు వైపున కోసి దాన్ని విడిపించక తప్పదు.

పెద్దవాళ్ళకు కీలు లోపలే ఎముక ముక్కలైతే వెనక నుంచి వెళతారు. అక్కడ మోచేతి మొన అడ్డం. కొన్నిసార్లు బాగున్న ఆ మొననే కోసి, తలుపులా పైకెత్తి, లోపలి ముక్కలను లోహపు పలకలతో, మరలతో బిగించి, మొనను మళ్ళీ అతుకుతారు. ఈ అతుకులో చక్కని భౌతికశాస్త్రం ఉంది. రెండు తీగలు నిలువుగా దించి, ఎముక వెనక 8 అంకె ఆకారంలో మరో తీగ బిగిస్తారు. చేయి ముడిచినప్పుడు వెనక కండరం మొనను పైకి లాగుతుంది. వెనక తీగ దాన్ని విడిపోనివ్వదు కాబట్టి ఆ లాగుడే కీలు వైపు అంచులను ఒకదానికొకటి నొక్కిపెడుతుందన్నది దీని సూత్రం.

ఇక మన పల్లెల్లో వెదురు బద్దలతో కట్టే బిగుతు కట్టు సంగతి. మోచేయి వాచేకొద్దీ ఆ కట్టు మరీ బిగుస్తుంది. రక్తం అందక ముంజేతి కండరాలు కొద్ది గంటల్లోనే చచ్చిపోవచ్చు. తర్వాత వేళ్ళు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. దీన్ని 1881లో ఫోక్‌మన్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. అలాంటి చేతితో ఉలి పట్టడం కాదు, అన్నం ముద్ద కలపడమే కష్టం.

కాబట్టి ఎవరికైనా మోచేయి విరిగినట్టు అనిపిస్తే లాగకండి, నూనె రాసి మర్దన చేయకండి. చేయి ఉన్నది ఉన్నట్టే అట్టముక్క ఆనించి, వదులుగా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దారిలో వేళ్ళు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, మెల్లగా చాచబోతే భరించలేని నొప్పి వచ్చినా ఆ కట్టు వెంటనే ఇంకా వదులు చేయండి. చేరగానే వైద్యుడికి మొదట చెప్పాల్సింది ఆ వేళ్ళ సంగతే.