పెట్టె మీద మూలిక... లోపల ఎంత?

రాయపూర్: వేసవి ప్రవేశించగానే ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గిరిజన కుటుంబాలకు చెట్ల కిందే పని మొదలవుతుంది. మొదట ఇప్పపూలు, వేసవి చివర సాల్ గింజలు, ఇప్ప గింజలు ఏరి, ఎండబెట్టి సంతకు చేరుస్తారు. సాల్ వృక్షాన్నే తెలుగువారు గుగ్గిలం చెట్టు అంటారు. దాని గింజ నుంచి తీసే కొవ్వు గడ్డకట్టి ఉండి, ఒంటి వేడికి మెత్తబడుతుంది. చాకొలెట్ల తయారీలో కోకో వెన్నకు బదులుగాను, చర్మానికి రాసే క్రీములలోను, పెదవుల లేపనాలలోను దీనిని వాడుతున్నారు.

2020లో కేంద్ర ప్రభుత్వం సవరించిన జాబితాలో సాల్ గింజలకు కనీస మద్దతు ధర కిలోకు 20 రూపాయలు. అదే గింజ పేరు చెప్పి అమ్మే చిన్న క్రీము డబ్బా ధర వందల రూపాయల్లో ఉంటుంది. ఆ డబ్బాలో నిజంగా సాల్ వెన్న ఎంత ఉందన్నదే వినియోగదారుడు వేసుకోవలసిన ప్రశ్న.

రాయపూర్ కేంద్రంగా పనిచేసే రాష్ట్ర లఘు వనోత్పత్తుల సహకార సమాఖ్య ‘ఛత్తీస్‌గఢ్ హెర్బల్స్’ పేరిట అటవీ సరుకులను సంజీవని విక్రయశాలల్లో అమ్ముతోంది. ప్రైవేటు కంపెనీల ‘హెర్బల్’ సరుకులకూ నగర మార్కెట్లో కొదవ లేదు. ఎవరి సరుకైనా ఎంపికకు ఆధారం ఒక్కటే. పెట్టె వెనుక చిన్న అక్షరాలలో ముద్రించిన పదార్థాల పట్టికను చదవాలి.

వరుసలోనే గుట్టు

2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి వాడిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా పేర్కొనాలి. ఒక శాతం, అంతకు తక్కువ ఉన్న వాటిని ఆ తరువాత ఏ క్రమంలోనైనా రాయవచ్చు. మొదట ‘ఆక్వా’ అని ఉంటే అందులో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది నీరే. మొక్కల పేర్లు తరచు లాటిన్‌లో ఉంటాయి. సాల్ వెన్నను ‘షోరియా రొబస్టా’ పేరుతో వెతకాలి.

మరో ఆనవాలు కూడా ఉంది. సరుకు చెడిపోకుండా కలిపే ఫినాక్సీ ఇథనాల్ సాధారణంగా ఒక శాతానికి మించదు. పెట్టె మీద పెద్దగా బొమ్మ వేసిన మూలిక పేరు పట్టికలో దీని తరువాత కనిపిస్తే, ఆ మూలిక కూడా ఒక శాతానికి మించి లేదన్నమాట.

చర్మ తత్వాన్నీ, వాతావరణాన్నీ గమనించాలి. రాయపూర్ వంటి చోట మే నెల ఎండలకు చెమట పట్టే జిడ్డు చర్మానికి చిక్కటి వెన్నలు సరిపడవు. గ్లిజరిన్ ఉన్న పలుచని లేపనాలు మేలు. చలికాలంలో పొడిబారిన చర్మానికి సాల్ వెన్న వంటివి ఉపకరిస్తాయి. సహజమైనదైనా అందరికీ పడాలని లేదు. సుగంధ తైలాలతో దద్దుర్లు వచ్చేవారూ ఉన్నారు. కొత్త సరుకును మొదట ముంజేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడడం మంచిది.

పట్టిక లేని క్రీములతో ముప్పు

అసలు ప్రమాదం పట్టికే లేని తెల్లబరిచే క్రీములతో వస్తోంది. కేరళలోని కొట్టక్కల్ వైద్యులు 2021 జులై - 2023 సెప్టెంబరు మధ్య ఒక రకం మూత్రపిండాల వ్యాధి సోకిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఆ వ్యాధిలోనే ఒక అరుదైన రకం ఉన్నట్లు తేలింది. ఈ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినట్లు వెల్లడైంది. ఇటువంటి క్రీములలో కలిసే పాదరసం చర్మం ద్వారా రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సౌందర్య సాధనాల తయారీలో పాదరసం వాడకాన్ని మన నిబంధనలు నిషేధించాయి. ముఖానికి రాసే క్రీములలో అనుకోకుండా కలిసినా అది పది లక్షల భాగాలకు ఒక భాగాన్ని మించరాదు.

స్టెరాయిడ్ల సంగతీ ఇంతే. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనేవి మందులు. వీటిని ముఖానికి నెలల తరబడి రాస్తే మొదట నిగారింపు కనిపించినా తరువాత చర్మం పలుచబడి, ఎర్రబారి, మొటిమలు లేస్తాయి. మానివేస్తే మంట హెచ్చుతుంది. అందుకే 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను డాక్టర్ చీటీపైనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పట్టికలో ఈ పేర్లు కనిపించినా, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోయినా ఆ సరుకును కొనకూడదు.

పట్టిక చదివి కొనేవారు పెరిగిన కొద్దీ బొమ్మ చూపి మూలికను ఎగవేసే సరుకులకు గిరాకీ తగ్గుతుంది. సాల్ వెన్నను నిజంగా వాడే తయారీదారులకు ఆదరణ పెరిగితే అడవిలో గింజలేరేవారి సరుకుకూ గిరాకీ పెరుగుతుంది. కొనేవారి చర్మానికీ రక్షణ లభిస్తుంది.