వాన్ గో ఎవరి దగ్గరా నేర్చుకోలేదా?

బొమ్మలు నేర్చుకునేవాళ్లకు ఎవరో ఒకరు విన్సెంట్ వాన్ గో కథ చెప్పకుండా ఉండరు. గురువు లేడట, తోడు లేదట, పూనకం వచ్చినట్టు వేసుకుంటూ పోయాడట! వినడానికి బాగానే ఉంటుంది గానీ, అందులో కట్టుకథ పాలే ఎక్కువ.

అపోహ: ఆయనకు బొమ్మలు పుట్టుకతో వచ్చిన విద్య.

వాస్తవం: 1853లో నెదర్లాండ్స్‌లో పుట్టిన వాన్ గో, చిత్రకళే తన దారి అని తేల్చుకున్నది 1880లో. అప్పటికి 27 ఏళ్లు. చిత్రాల దుకాణంలో పని, బడిలో పాఠాలు, బెల్జియం బొగ్గుగనుల ఊళ్లలో మతబోధ... ఏదీ కలిసిరాలేదు. షార్ల్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ పాఠాలు ముందు పెట్టుకుని, అవే బొమ్మలు మళ్లీ మళ్లీ చూసి దించాడు. తొలినాటి గీతల్లో మనుషులు కొయ్యబారినట్టే ఉంటారు. దూరం, దగ్గర కొలతలు కుదరక, చట్రానికి దారాలు కట్టించి అందులోంచి చూస్తూ గీసేవాడు. 1885లో ‘ది పొటాటో ఈటర్స్’ వేయడానికి ముందు న్యూనెన్‌లో రైతుల ముఖాలు పదులకొద్దీ సాధన చేశాడు. తీరా దాని అచ్చుప్రతి చూసి, చిత్రకారుడైన స్నేహితుడు వాన్ రాపార్డ్ చీల్చి చెండాడాడు. స్నేహం చెడింది, సాధన మాత్రం ఆగలేదు.

అపోహ: ఆయన గురువు లేని ఏకలవ్యుడు.

వాస్తవం: ది హేగ్‌లో నీటిరంగులు, తైలవర్ణాలు మొదట చేయిపట్టి నేర్పింది బంధువైన ఆంటన్ మావ్. 1886లో ఆంట్‌వెర్ప్ అకాడమీలో కొన్ని వారాలు, తర్వాత పారిస్‌లో కోర్మోన్ స్టూడియోలో కొన్ని నెలలు గడిపాడు. చిత్రకారుడు తులూజ్ లోట్రెక్ అక్కడి పరిచయమే. ఎవరి దగ్గరా కుదురుగా నిలవలేదంటే ఒప్పుకోవాలి. నేర్చుకోలేదంటే మాత్రం కాదు.

అపోహ: ఒంటరితనం కోరి తెచ్చుకున్నాడు.

వాస్తవం: తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాలే 650కి పైగా దొరికాయి. ఆర్ల్‌లో పసుపు ఇల్లు అద్దెకు తీసుకున్నది చిత్రకారులంతా కలిసి పనిచేసుకోవాలన్న ఆశతోనే. 1888 అక్టోబరులో వచ్చిన చిత్రకారుడు గోగాఁ డిసెంబరులోనే వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది చికిత్స కోసం చేరిన సెయింట్ రెమీ ఆస్పత్రిలో ఎదురుగా కూర్చోబెట్టి గీయడానికి మనుషులు దొరకక, చిత్రకారుడు మిలే బొమ్మల నలుపు తెలుపు అచ్చులు ముందు పెట్టుకుని వాటికి తన రంగులు ఇచ్చాడు. తొమ్మిదేళ్ల సాధన తర్వాత కూడా చూసి దించడం నామోషీ అనుకోలేదు.

అపోహ: చేతికందిన రంగు పూసేసేవాడు.

వాస్తవం: ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో ఉన్నిదారాలు కలిపి చుట్టి చూసుకునేవాడు. ఆ దారపు ఉండల పెట్టె ఇప్పటికీ ఉంది.

ఇక బతికుండగా ఒక్కటంటే ఒక్క చిత్రమే అమ్ముడైందన్న మాట. 1890లో బ్రసెల్స్ ప్రదర్శనలో ‘ది రెడ్ విన్‌యార్డ్’ను అన్నా బోక్ 400 ఫ్రాంకులకు కొన్నది నిజమే. కానీ 1882లోనే, చిత్రాల వ్యాపారి అయిన బాబాయి ది హేగ్ దృశ్యాలు పన్నెండు గీసిమ్మని డబ్బిచ్చి పని అప్పజెప్పాడు.