చక్రం మీది చుక్క, రోబెర్వాల్ రహస్యం

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది. "పరావలయానికి ఎక్స్, వైల మధ్య సమీకరణం చక్కగా ఉంది కదా, మళ్ళీ టీ అనే మూడో అక్షరం ఎందుకు? తెచ్చినవాళ్ళే చివరికి 'టీని తొలగించండి' అని లెక్క ఎందుకు ఇస్తారు?" ఈ నెలకు అనుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టి దీనికే కూర్చున్నాను. మనం పరామితీయ సమీకరణాలు చెప్పే తీరులో ఉన్న లోపమంతా ఆ రెండో ప్రశ్నలో ఉంది.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. వై² = 4ఏ ఎక్స్ అన్న పరావలయాన్నే ఎక్స్ = ఏ టీ², వై = 2ఏ టీ అని కూడా రాయవచ్చు. టీకి ఒక విలువ ఇస్తే ఒక బిందువు వస్తుంది. టీ మారుతుంటే బిందువు కదులుతుంది. టీయే పరామితి. అది కాలం కావచ్చు, కోణం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

ఇప్పుడు మూడు జంటలు చూడండి: (కాస్ టీ, సైన్ టీ), (సైన్ టీ, కాస్ టీ), (కాస్ 2టీ, సైన్ 2టీ). మొదటి బిందువు కుడివైపు బయలుదేరి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. రెండోది నెత్తి మీద మొదలై ముల్లుతోపాటు తిరుగుతుంది. మూడోది మొదటి దారిలోనే రెట్టింపు వేగంతో పోతుంది. మూడింటిలోనూ టీని తొలగిస్తే మిగిలేది ఒక్కటే: ఎక్స్² + వై² = 1. ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎంత వేగంతో పోయింది అన్న మూడు సంగతులూ పోయాయి. తొలగించమని అడిగే ముందు, తొలగిస్తే ఏం పోతుందో పిల్లలకు చూపించాలి.

ఇక నాకు ప్రాణమైన వక్రరేఖ దగ్గరికి వస్తాను. సైకిల్ టైరు మీద, నేలకు తగిలే చోట సుద్దతో చుక్క పెట్టి, సైకిల్‌ను తిన్నగా నడిపించండి. చుక్క గాలిలో గీసే దారి పేరు సైక్లాయిడ్. నేల మీద వరసగా కట్టిన కమానుల్లా ఉంటుంది. ఎక్స్, వైలతో మొదలుపెడితే దీని సమీకరణం తట్టదు. టీతో మొదలుపెడితే రెండు నిమిషాల పని. చక్రం వ్యాసార్ధం ఏ, అది తిరిగిన కోణం టీ రేడియన్లు అనుకుందాం. చక్రం జారదు కాబట్టి ఇరుసు ముందుకు నడిచిన దూరం ఏ టీ, ఎత్తు ఎప్పుడూ ఏ. చుక్క ఇరుసు చుట్టూ తిరుగుతూ ఏ సైన్ టీ అంత వెనక్కీ, ఏ కాస్ టీ అంత కిందికీ ఉంటుంది. రెండూ కలిపితే ఎక్స్ = ఏ (టీ − సైన్ టీ), వై = ఏ (1 − కాస్ టీ).

చక్రం వ్యాసార్ధం 33 సెంటీమీటర్లు అనుకుని మొదటి 10 డిగ్రీలు లెక్క కట్టండి. సైకిల్ దాదాపు 58 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. చుక్క 5 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ముందుకు కదిలేది మాత్రం 0.3 మిల్లీమీటర్లు! అంటే చుక్క నేల మీదినుంచి దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది. నేలను తాకిన క్షణంలో దాని వేగం సున్నా. నెత్తి మీదికి చేరినప్పుడు సైకిల్ వేగానికి రెట్టింపు. 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సు టైరులో నేలకు ఆనిన చోటు ఆ క్షణానికి కదలకుండా ఉంటుంది, పైకొన 120తో పరుగెడుతుంది.

ఈ కమాను పెద్దపెద్దవాళ్ళను తప్పుదారి పట్టించింది. 16వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో షార్ల్ ద బొవెల్ దీన్ని ఇంకో పెద్ద వృత్తంలో ముక్క అనుకున్నాడు. 17వ శతాబ్దంలో మెర్సెన్ దీర్ఘవృత్తంలో సగం కావచ్చని భావించాడు. మెర్సెన్‌ను తప్పుపట్టలేం. అలాంటి దీర్ఘవృత్తం కూడా నేల మీదినుంచి నిలువుగానే లేస్తుంది, ఎత్తూ అడుగూ సరిపోతాయి. కానీ దాని వైశాల్యం 9.87 ఏ², అసలుది 9.42 ఏ². గలీలియో వంతెనల కమానులకు ఈ ఆకారం అందంగా ఉంటుందని మెచ్చుకుని, దాని వైశాల్యం తెలుసుకోవడానికి ముక్కలు కత్తిరించి తక్కెడలో తూచాడు. చక్రానికి మూడింతలకు దగ్గరగా వచ్చింది. కచ్చితంగా మూడు మాత్రం కాదనుకుని వదిలేశాడు. కచ్చితంగా మూడే! చేతికందిన జవాబును వదిలేశాడే అని నాకు ఇప్పటికీ బాధ.

దాన్ని 1634 ప్రాంతంలో పారిస్‌లో రోబెర్వాల్ పట్టుకున్నాడు. న్యూటన్ ఇంకా పుట్టలేదు, కలన గణితం లేదు. రోబెర్వాల్ చేసిందల్లా కలిసి ఉన్న రెండు కదలికలను విడదీయడం. మన గుర్తుల్లో చెబుతాను. కాగితం మీద గీసుకుంటూ చదవండి.

సగం కమాను తీసుకోండి. అది అడుగు 'పై'·ఏ, ఎత్తు 2ఏ ఉన్న దీర్ఘచతురస్రంలో ఇముడుతుంది. ఎక్స్‌లోని సైన్ ముక్కను కాసేపు పక్కన పెట్టి, ఎత్తును అలాగే ఉంచి, ఎక్స్ = ఏ టీ అని మాత్రం గీయండి. సైక్లాయిడ్‌కు తోడుగా ఒక అల వస్తుంది. కాగితాన్ని తలకిందులుగా తిప్పినా అదే ఆకారం. కాబట్టి అది దీర్ఘచతురస్రాన్ని సరిగ్గా సగానికి చీలుస్తుంది. మొత్తం 2'పై'·ఏ², సగం 'పై'·ఏ². అంటే అల కింద ఒక చక్రమంత వైశాల్యం.

సైక్లాయిడ్ ఈ అలకు ఎడమవైపు ఉంటుంది. రెండింటికీ మధ్య ఆకు ఆకారంలో ఒక సందు. ఏ ఎత్తులోనైనా ఆ సందు వెడల్పు ఎంత? మనం పక్కన పెట్టిన ముక్కే: ఏ సైన్ టీ. ఇప్పుడు చక్రం దగ్గరికి రండి. అదే ఎత్తులో చక్రం నడిబొడ్డున ఉన్న నిలువుగీత నుంచి అంచుకు దూరం ఎంత? అదీ ఏ సైన్ టీ! ప్రతి ఎత్తులోనూ ఆకు వెడల్పు, అరచక్రం వెడల్పు ఒకటే. అలాంటప్పుడు రెండింటి వైశాల్యాలూ ఒకటే కావాలి. ఆకు అంటే అరచక్రం. సగం కమాను కింద ఒకటిన్నర చక్రాలు, మొత్తం కమాను కింద మూడు చక్రాలు. సమాకలనం గుర్తు ఒక్కటి కూడా వాడలేదు.

ఇంత అందమైన నిరూపణను రోబెర్వాల్ అచ్చు వేయలేదు. ఆయన పని చేసే కాలేజ్ రాయల్‌లో ఆయన పదవికి మూడేళ్ళకోసారి పోటీ జరిగేది. ప్రశ్నలు ఇచ్చేది పదవిలో ఉన్నవాడే. కొత్త పద్ధతులు చేతిలో దాచుకున్నవాడికి అది పెట్టని కోట. ఆయన 1675లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. ఈలోగా 1644లో ఇటలీలో టోరిచెల్లి తన నిరూపణను ప్రచురించాడు. దొంగిలించాడని రోబెర్వాల్ మండిపడ్డాడు. టోరిచెల్లి సొంతంగా కనుక్కున్నాడనే నా నమ్మకం. దాచుకున్నవాడికి ఫిర్యాదు చేసే హక్కు తక్కువ.

కమాను పొడవు సంగతి 1658లో క్రిస్టఫర్ రెన్ తేల్చాడు: 8ఏ. చక్రంలో ఉండే 'పై' ఇందులో లేదు. టీ చేతిలో ఉంటే చుక్క వేగం 2ఏ సైన్ (టీ/2) అని వస్తుంది, 0 నుంచి 2'పై' దాకా సమాకలనం చేస్తే 8ఏ. టీని తొలగించారో, విలోమ కొసైన్, వర్గమూలం కలిసిన ఒక సమీకరణం మిగులుతుంది. అదీ సగం కమానుకే. మిగతా సగానికి ఇంకోటి రాసుకోవాలి.

ఉపయోగం ఏమిటని అడిగేవాళ్ళు ఎలాగూ ఉంటారు. ఇంత చూశాక కూడా అడగాలా అని నాకు అనిపిస్తుంది. అయినా చెబుతాను. రైలు చక్రానికి పట్టా పైఅంచు కంటే దాదాపు 3 సెంటీమీటర్లు కిందికి దిగే అంచు ఉంటుంది. అక్కడి చుక్కకు ఇలాంటి సమీకరణాలే రాస్తే, అడుగుకు వచ్చినప్పుడు ఎక్స్ వేగం రుణాత్మకం అవుతుంది. రైలు 100 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతుంటే, ఆ అంచు కొన 6 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వెనక్కి పోతుంటుంది.

రెండోది తెలుగు అక్షరాలు. అ, ఠ, ల లాంటివి మెలికలు తిరుగుతూ వెనక్కి వస్తాయి. ఒకే ఎక్స్‌కు రెండు మూడు వైలు పలుకుతాయి. అందుకని కంప్యూటరు ఫాంట్లలో వంపులను పరామితీయ ముక్కలుగానే రాస్తారు. ఈ పద్ధతి ఫ్రాన్సులో కార్ల కంపెనీల్లో పుట్టింది. సిత్రోయెన్‌లో ద కాస్టెల్జో, రెనోలో బెజియే కారు బాడీ వంపుల కోసం దీన్ని తయారు చేశారు. ట్రూటైప్ ఫాంట్లలో ప్రతి వంపు ముక్కకూ మూడు బిందువులు ఇస్తారు. టీ 0 నుంచి 1 దాకా నడిస్తే ఆ ముక్క గీయబడుతుంది, వచ్చేది పరావలయపు ముక్కే.