బలవంతపు చాకిరీ కేసులో జ్యూరీ ఏమి చూస్తుంది?

"మమ్మల్ని గదిలో పెట్టి తాళం వేయలేదు, కొట్టలేదు. మరి మా కేసు నిలుస్తుందా?" అమెరికాకు కాంట్రాక్టు మీద వచ్చిన కార్మికులకు వచ్చే సందేహం ఇది. నిలవవచ్చు. ఎలాగో చూడండి.

ఇలాంటి నేరంపై విచారణ జరిగితే 12 మంది మామూలు పౌరులు కూర్చుని వింటారు. వీరే జ్యూరీ. వీరికి చట్టం తెలియదు కాబట్టి, ఏమేమి రుజువు కావాలో జడ్జిగారే విడమరచి చెబుతారు. 1589వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైనవి మూడు:

1. నిందితుడు మీచేత పని చేయించుకున్నాడా?

2. అందుకు చట్టం కూడదన్న పద్ధతి వాడాడా? కొట్టడం, బంధించడం, తీవ్రమైన హాని చేస్తానని బెదిరించడం, "పోలీసులకు పట్టిస్తా, ఇండియాకు పంపించేస్తా" అని చట్టాన్ని అడ్డం పెట్టుకుని భయపెట్టడం, పని మానితే హాని తప్పదని నమ్మించే పన్నాగం. వీటిలో ఏ ఒక్కటైనా చాలు.

3. ఇదంతా తెలిసే చేశాడా?

మూడూ అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. 12 మందీ ఒకే మాట మీద ఉండాలి.

హాని అంటే దెబ్బలే కాదు. డబ్బు నష్టం, పరువు నష్టం, మనోవేదన కూడా హానే. అప్పు చేసి వచ్చి, భాష రాక, మీలాంటి స్థితిలో ఉన్న మనిషి భయపడి పనిలో ఉండిపోతాడా అని జ్యూరీ ఆలోచించాలి. మొదట ఇష్టపడే వచ్చారనో, జీతం ఇచ్చారనో చెప్పినంత మాత్రాన కేసు పోదు. ఇలా చాకిరీ చేయించడానికి పాస్‌పోర్టు లాక్కుంటే 1592వ సెక్షన్ కింద అది వేరే నేరం.

నష్టపరిహారం కోసం మీరే సివిల్ దావా కూడా వేయవచ్చు. అందులో అంత గట్టి రుజువు అక్కర్లేదు. 2006లో సిగ్నల్ ఇంటర్నేషనల్ కంపెనీ సుమారు 500 మంది భారతీయ వెల్డర్లను, పైప్‌ఫిట్టర్లను మిసిసిపి, టెక్సాస్‌లకు రప్పించింది. గ్రీన్ కార్డు ఆశతో వారు ఏజెంట్లకు తలా 10,000 డాలర్లు, అంతకు పైనే కట్టారు. చేతికి వచ్చింది తాత్కాలిక వీసా. కిక్కిరిసిన క్యాంపుకు నెలకు 1,050 డాలర్లు కోత. 2015లో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ ఐదుగురు కార్మికులకు సుమారు 1.4 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది.

మీరు చేయవలసినది: ఎవరు, ఏ తేదీన, ఏమని బెదిరించారో తెలుగులోనే రాసి పెట్టుకోండి. ఏజెంటు రసీదులు, పే స్లిప్పులు, ఫోన్ మెసేజ్‌లు పారేయకండి. ప్రాణభయం ఉంటే 911కు, సలహా కావాలంటే 1-888-373-7888కు ఫోన్ చేయండి. వీసా గడువు దాటిపోయినా సరే, మమ్మల్ని కలవడానికి వెనుకాడవద్దు.